గాజుపెంకు కింది గది

జనగామలో మా ఇల్లు రైలుడబ్బాలా పొడుగ్గా ఉండేది. వీధి మీద బట్టల దుకాణం, దాని వెనక పగలు కూడా దీపం కావాల్సిన ఒక గది, ఆ తర్వాత ఆకాశం కనిపించే గచ్చు, వంటిల్లు, చిట్టచివర వెనక గల్లీలోకి తలుపున్న గది. దుకాణం పక్కనుంచి చెక్కమెట్లు ఎక్కితే బట్టల మూటలు పెట్టుకునే గది. దాని పైకప్పు పెంకులదే. వెలుతురు కోసం మా తాత ఎప్పుడో మధ్యలో ఒక గాజుపెంకు వేయించాడు. పడమటి వైపు చిన్న కిటికీ. ఇంటికి ఇంత వెలుగు ఎక్కణ్నుంచి వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో పదహారేళ్లు వచ్చేదాకా నేను గమనించలేదు. అది గమనించడం నేర్పింది వెనక గదిలో కిరాయికున్న డ్రాయింగ్ సార్.

ఆయనది కోస్తా వైపు ఊరు. మగపిల్లల హైస్కూల్లో బొమ్మలు నేర్పేవారు. మనిషి సన్నం, మందపాటి కళ్లద్దాలు, ఇస్త్రీ చెడని చొక్కా. పెళ్లయి రెండేళ్లు. భార్య పురుటికని పుట్టింటికి వెళ్లి ఉంది. సాయంత్రం గచ్చు మీద కూర్చుని, మా అవ్వ మినప్పప్పు చెరుగుతుంటే ఆ చేతుల్ని గీసేవారు. దుకాణంలో తానుల లోపల వచ్చే అట్టలు నేను పోగుచేసుకుని వాటి మీద చీరల అంచులు గీసుకునేదాన్ని. ఒకరోజు అవి చూసి, "చెయ్యి బాగుంది. కన్నే ఇంకా తెరుచుకోలేదు" అన్నారు.

నాకు ఆయనంటే గౌరవం ఉండేది. కోపం కూడా ఉండేది. నేను "గిదేంది సార్" అంటే నవ్వేవారు. "గిదేంది కాదమ్మా, ఇదేమిటి అనాలి" అనేవారు. ఒకసారి మా దుకాణానికి వచ్చిన మరో కోస్తా ఆయన ముందు నన్ను పిలిచి, "ఏదీ, నిన్న అన్నది మళ్లీ అను" అని అడిగారు. నేను అనలేదు. వాళ్లిద్దరూ నవ్వుకున్నారు. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాను. ఎందుకని అమ్మ అడిగితే కడుపునొప్పి అన్నాను.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదలై బళ్లు మూతపడ్డాయి. మా అన్నకు అప్పుడు ఇరవై. హనుమకొండలో డిగ్రీ చదువుతున్నవాడు కాలేజీ బందు కాగానే ఇంటికొచ్చాడు. ఇంటికి అన్నమాటే గానీ స్టేషన్ దగ్గర వేసిన దీక్షా శిబిరంలోనే తినడం, అక్కడే పడుకోవడం. రెండు రోజులకోసారి వచ్చి బట్టలు మార్చుకుని పోయేవాడు. వచ్చినప్పుడల్లా నాయినకూ వాడికీ మాట పెరిగేది.

"మా కొలువులు మాకియ్యమంటున్నం. గది తప్పా నాయినా?"

"తప్పని ఎవరన్నరు? కానీ మనింట్ల ఉన్నాయన ఏం చేసిండు? పోరగాండ్లకు బొమ్మలు నేర్పుకుంటున్నడు."

"ఆయన కూసున్న కుర్చీల మనోడు కూసోవాలె. గంతే. ఆయనతోటి నాకేం పగ లేదు."

అన్న మాటల్లో అబద్ధం లేదని నాకు తెలుసు. వాడి స్నేహితుడి అన్న ఒకడు డిగ్రీ పాసై నాలుగేళ్లుగా ఇంట్లో కూర్చుని ఉన్నాడు. అతను ఎక్కాల్సిన ఉద్యోగం ఇక్కడివాడినేనని దొంగ ముల్కీ సర్టిఫికెట్టు తెచ్చుకున్న మరొకాయనకు పోయిందని ఊరంతా చెప్పుకునేవారు. 

ఒక ఉదయం సార్ గది తలుపు కింద ఒక చీటీ కనిపించింది. వారంలో ఊరు విడిచి పోవాలని రాసి ఉంది. సంతకం లేదు. సార్ అప్పటికే బదిలీకి అర్జీ పెట్టుకున్నారు. ఆర్డరు చేతికి రాకుండా వెళ్లిపోతే ఉద్యోగం పోతుందని ఆయన భయం. వెళ్లకపోతే ఏమవుతుందో అని మా భయం. రెండు రోజులు ఆలోచించి నాయిన ఒక పని చేశాడు. సార్ గదికి బయట తాళం వేసి, ఆయన్ని మేడ మీది మూటల గదిలోకి మార్చాడు. సార్ పొద్దున బండికి వెళ్లిపోయారని అడిగిన వాళ్లందరికీ చెప్పాడు. అన్నకు కూడా అదే చెప్పాడు.

"వాడు చెడ్డోడు కాదు. కానీ వాని నోట్ల మాట ఆగది. వాని ఎంబడి పదిమంది తిరుగుతరు" అన్నాడు నాయిన నాతో, అమ్మతో, అవ్వతో. అలా మా అందరి నోళ్లకు తాళం పడింది.

రెండు పూటలా అన్నం నేనే మేడ మీదికి తీసుకెళ్లేదాన్ని. మూటల మధ్య ఒక నులకమంచం, కుర్చీ, ట్రంకుపెట్టె, మంచినీళ్ల కూజా. అవే ఆయన సామాను. కిటికీ దగ్గరికి వెళ్లకూడదు, గట్టిగా దగ్గకూడదు, కింద దుకాణంలో జనం ఉన్నప్పుడు నడవకూడదు. మూడో రోజుకే మనిషి ముఖం పాలిపోయింది. ఏమీ తోచక ట్రంకు మూతను కాగితం మీద గీస్తూ కూర్చున్నారు. నేను అన్నం పళ్లెం దించి చూస్తూ నిలబడ్డాను.

"నేర్చుకుంటావా?" అని అడిగారు. "బడి ఎలాగూ లేదు."

అమ్మ ఒప్పుకుంది. తలుపు బార్లా తెరిచి, నేను గడప అవతల పై మెట్టు మీద కూర్చోవాలి. మధ్యాహ్నం దుకాణం మూసి నాయిన కునుకు తీసే వేళ నుంచి మళ్లీ తెరిచేదాకా. అలా పన్నెండు పదమూడు రోజులు నాకు పాఠం జరిగింది.

మొదటిరోజు నా చేతికి ఏమీ ఇవ్వలేదు. కళ్లు సగం మూసి గదిని చూడమన్నారు.

"ఏం కనిపిస్తోంది?"

"మంచం, మూటలు, కూజా."

"కాదు. ఇంకొంచెం మూయి. పేర్లు మర్చిపో. మూట అనుకోకు, గోడ అనుకోకు. ఎంత నలుపు, ఎంత తెలుపు, అంతే చూడు."

కనురెప్పల సందులోంచి చూస్తే మంచం కోళ్లు, మూటల తాళ్లు, గోడ పగుళ్లు అన్నీ కరిగిపోయాయి. మూడే మిగిలాయి. ఒక పెద్ద చీకటి ముద్ద, దాని చుట్టూ బూడిదరంగు, గాజుపెంకు కింద చాపంత వెలుగు. అదే గది అంటే నమ్మలేకపోయాను. భయం కూడా వేసింది, తెలిసిన మనిషి ముఖంలో తెలియని మనిషి కనిపించినట్టు.

ఆయన వేపపుల్లల్ని పాత నూనె డబ్బాలో మూతపెట్టి మా వంటింటి పొయ్యిలో కాల్పించి బొగ్గు తయారుచేశారు. ముందు ఒక అట్టముక్క మీద నల్లదనాన్ని అయిదు మెట్లుగా దించమన్నారు, మన మెట్లలాగే, ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా వెలవెలబోతూ. ఆ అట్టముక్కను పట్టుకుని గదిలో ప్రతి చోటికీ పోల్చాలి. తెల్ల ధోవతి అనుకున్నది చీకటి మూలలో మూడో మెట్టంత నల్లగా ఉందని, నల్ల ట్రంకు మూత మీద ఎండ పడితే అది ధోవతి కంటే తెల్లగా ఉందని నాకు అలా తెలిసింది.

"తెలుపు మనం వేసేది కాదు. వదిలిపెట్టేది. ముందే నిర్ణయించుకోవాలి ఎక్కడ వదలాలో. ఒకసారి బొగ్గు తాకిందంటే మళ్లీ ఆ తెలుపు రాదు" అనేవారు.

ఇంకో అట్టలో పోస్టుకార్డంత కంత కోసి ఇచ్చారు. దాన్ని కంటికి దగ్గరగా, దూరంగా జరుపుతూ గదిలో ఎంత భాగం తీసుకోవాలో, ఎంత వదలాలో చూసుకోమన్నారు. "అంతా గీసేవాడు ఏదీ గీయనట్టే. వెలుగు ఎక్కడుందో అక్కడికి చూపు పోతుంది. దాన్ని సరిగ్గా నడిమధ్య పెట్టకు. పక్కకు జరుపు. మిగతా చీకటి దానికి కాపలా కాయాలి."

అప్పుడప్పుడు కింద వీధిలో నినాదాలు వినిపించేవి. వాటిల్లో మా అన్న గొంతు నేను గుర్తుపట్టేదాన్ని. సార్ మాట ఆపేసేవారు. ఊరేగింపు దూరమయ్యాక ఎక్కడ ఆపారో అక్కడినుంచే మొదలుపెట్టేవారు. ఒకసారి మాత్రం అడిగారు.

"మీ అన్నయ్యా?"

"అవును సార్."

"మంచి గొంతు" అన్నారు. నా అట్ట సరిచేస్తూ, "నాకు కొడుకు పుట్టాడట. మీ దుకాణానికి కార్డు వచ్చింది" అన్నారు. నేను కూజాలో నీళ్లు నింపుకురావడానికి దిగాను.

ఆ రోజుల చివర్లో సార్ ఇచ్చిన కాగితం మీద నేనొక బొమ్మ వేశాను. మంచం అంచు, దాని మీద మడత విప్పిన దుప్పటి, ట్రంకు, వెనక గోడలా పేర్చిన మూటలు. మధ్యాహ్నం దాటిన ఎండ కిటికీలోంచి ఏటవాలుగా వస్తోంది. సార్ గడప లోపల నాకు ఎడమవైపు, కంతలో పడని చోట, కుర్చీలో కూర్చుని ఏదో చదువుకుంటున్నారు. "నన్ను మాత్రం వెయ్యకు" అని ముందే చెప్పారు. వెయ్యలేదు. కళ్లు సగం మూసి, పేర్లు మర్చిపోయి, ఎంత నలుపుంటే అంత నలుపు పెట్టుకుంటూ పోయాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది.

సార్ దాన్ని దూరంగా పట్టుకుని చాలాసేపు చూశారు. మూటల మీద ఒకచోట వేలు పెట్టి, "ఈ నలుపు సరిగ్గా పడింది" అన్నారు. ఆ మాట నాకు పండుగలా ఉంది.

ఆ సంతోషమే కొంప ముంచింది. మర్నాడు పొద్దున అన్న ఇంటికొచ్చాడు. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి ఉన్నాడు. అమ్మ పెట్టిన సర్వపిండి నిలబడే తింటున్నాడు. చిన్నప్పటినుంచీ నేను గీసిన ప్రతి పిచ్చిగీతా ముందు చూసింది వాడే. ఆగలేక బొమ్మ తెచ్చి చూపించాను.

"గిదెవ్వరేసిన్రు?"

"నేనే."

"నిజం చెప్పు."

"నేనే అన్నా. మన మూటల గది."

చేయి దులుపుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. వాకిట్లోకి తీసుకెళ్లి వెలుతుర్లో చూశాడు.  "గిది నేను తీస్కపోత" అని మాత్రం అన్నాడు. మురిసిపోతూ తలూపాను. గది తెలిస్తే ఏముంది, మనిషి లేడు కదా అనుకున్నాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఎనిమిది మందో పదిమందో వచ్చారు. సగం మంది మా వీధి పిల్లలే. ఒకడు సార్ దగ్గర బొమ్మలు నేర్చుకున్నవాడే. అన్న వాళ్లలో లేడు. దుకాణం అరుగు మీద నిలబడి, అమ్మతో, "మీతోని మాకేం లేదమ్మా. పైనున్నాయన్ని పిలువున్రి" అన్నారు.

"పైన బట్టలున్నయి" అన్నాడు నాయిన, మెట్లకు అడ్డంగా నిలబడి.

ముందున్న అతని చేతిలో నా బొమ్మ ఉంది. దాన్ని నాయిన ముఖం ముందు పట్టుకున్నాడు. "బట్టలకు గిట్ల ముక్కు ఉంటదా సేటూ? కండ్లద్దాలుంటయా?"

అప్పుడు చూశాను. మూటల మీద నేను పెట్టిన నలుపు, సరిగ్గా పడిందని సార్ మెచ్చుకున్న నలుపు, ఒక మనిషి తల నీడ. పక్కకు తిరిగి కూర్చున్న మనిషిది. ముక్కు, దాని మీద కళ్లద్దాల వంపు, వంగిన మెడ. రెండు రోజులు దాన్ని చూస్తూ గీశాను. అదేమిటో నాకు తెలియదు. పేరు మర్చిపోయి చూశాను.

నాయిన ఇంకేదో అనబోయాడు. ఈలోగా చెక్కమెట్లు కిర్రుమన్నాయి. సార్ తనంతట తానే దిగి వచ్చారు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉన్నారు. అతని చేతిలో బొమ్మ చూశారు, ఆ తర్వాత నన్ను చూశారు. కోపం లేదు ఆ చూపులో. అంతకంటే భరించలేనిది ఉంది. లెక్క తప్పిన చోటు తన స్లేటు మీదే కనిపించిన పిల్లవాడి చూపు.

"అది జాగ్రత్తగా పట్టుకో బాబూ. బొగ్గు చెరిగిపోతుంది" అన్నారు.

అతను బొమ్మను ఉండచుట్టి నేల మీద పడేశాడు.

వాళ్లు ఆయన్ని స్టేషన్ దాకా నడిపించుకుపోయారు. నాయిన వెనకాలే వెళ్లాడు. నన్ను కదలనివ్వలేదు అమ్మ. వెనక గది తాళం పగలగొట్టి, ఆయన బొమ్మల కట్ట తీసి గల్లీలో తగలబెట్టారు. మా అవ్వ చేతుల బొమ్మలు అందులోనే ఉన్నాయి. నాయిన సాయంత్రం తిరిగొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. దారిలో ఒకడు చెంప మీద కొట్టాడనీ, కళ్లద్దాలు పడి పగిలాయనీ, అద్దాలు లేక సార్ రైలు మెట్టు వెతుక్కుంటుంటే తనే చెయ్యి పట్టి ఎక్కించాడనీ చెప్పాడు.

ఇక్కడ ఒక మాట రాయకపోతే మిగతాదంతా రాయడం దండగ. చెంప మీద కొట్టారని విన్నప్పుడు, ఒక్క రెప్పపాటు, "ఏదీ, మళ్లీ అను" అని నవ్విన ముఖం గుర్తొచ్చింది నాకు. జర బుద్ధి రావాలని నేనెప్పుడో అనుకున్నాను. ఆ అనుకోవడం గుర్తొచ్చింది. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. ఏది ముందు వచ్చిందో నేను మర్చిపోలేదు.

అన్న రెండు రోజుల తర్వాత వచ్చాడు. "ఆయన ఇంట్లనే ఉన్నడని నాకెందుకు చెప్పలే?" అని అడిగాడు.  నాయిన దుకాణంలోకి వెళ్లిపోయాడు. అమ్మ గిన్నెలు తోముతూనే ఉంది. వాడు నావైపు చూస్తే నేను ముఖం తిప్పుకున్నాను. వాడే చెప్పాడని, కావాలనే బొమ్మ పట్టుకుపోయాడని నాకు అనుమానం కూడా లేదు. నమ్మకమే.

ఆ ఏడు పోయింది. బళ్లు తెరిచారు. నేను పది పాసై, లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలు రాశాను. పెళ్లయ్యాక మానుకోట వచ్చాను. ఇప్పుడు అందరూ మహబూబాబాద్ అనే ఊరు. మా ఆయనకు అక్కడ పోస్టాఫీసులో ఉద్యోగం. కొన్నేళ్లకు ఆడపిల్లల బళ్లో నాకే డ్రాయింగ్ టీచరు పని దొరికింది. మొదటిరోజు ఆ కుర్చీలో కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. మనోడు కూర్చోవాలన్న కుర్చీ. మా అన్న మాట నిజమైంది, నా రూపంలో.

పిల్లలకు తామరపువ్వు, చిలక, జెండా, పూలకుండీ నేర్పేదాన్ని. గార్ల నుంచి రైల్లో వచ్చే ఒక అమ్మాయి ఒకసారి తమ ఇంటి లోపలిని గీసి తెచ్చింది. పొయ్యి, దాని ముందు వాళ్లమ్మ. వెలుగంతా పొయ్యి నుంచే వస్తున్నట్టు, మిగతాది బొగ్గు నలుపు. ఎవరూ నేర్పకుండానే వచ్చింది ఆ పిల్లకు. నేను దాన్ని చూసి, "చిలకను గీసుకురా" అన్నాను. ఆ పిల్ల ముఖం వాడిపోవడం చూసి కూడా ఇంకేమీ అనలేకపోయాను. ఆ తర్వాత ఆ పిల్ల ఏదీ గీసి తేలేదు.

అన్నకు కరెంటు డిపార్టుమెంటులో ఉద్యోగమొచ్చింది. భూపాలపల్లి చుట్టుపక్కల ఊళ్లకు లైన్లు వేయించే పని. నాయిన పోయినప్పుడు, అమ్మ పోయినప్పుడు కలుసుకున్నాం. పెళ్లిళ్లలో పక్కపక్కనే కూర్చున్నాం. తిన్నవా, పిల్లలెట్లున్నరు, గంతే. పదహారు పదిహేడేళ్లు అలా గడిచాయి.

మొగుళ్లపల్లి దగ్గర పని చేయిస్తూ అన్న స్తంభం మీదినుంచి పడ్డాడని కబురొచ్చింది. తొడ ఎముక విరిగింది. వరంగల్ దవాఖానలో నెలరోజులుండి, కాలికి సిమెంటు పట్టీతో భూపాలపల్లి ఇంటికి చేరాడు. వదిన ఒక్కతే ఎత్తి దించలేకపోతోందని తెలిసి, దసరా సెలవుల్లో నేను వెళ్లాను.

అప్పటి భూపాలపల్లి చిన్నది. చుట్టూ అడవి. పగలు పోలీసుల జీపులు తిరిగేవి. పొద్దుగూకితే నక్సలైట్లు ఎవరింట్లో అడుగుపెడతారో అన్న భయం. వీధి వైపు కిటికీలు అందరూ మూసే ఉంచేవారు. అన్న పడుకున్న గదీ అంతే. ఒక్క పెరటి తలుపులోంచి వచ్చేదే వెలుతురు. అది గచ్చు మీదుగా పాకి, మంచం పట్టె దాకా వచ్చి, వాడి తెల్లటి పట్టీ మీద నిలిచేది. ముఖం దాకా చేరేది కాదు. వెళ్లిన మొదటి మధ్యాహ్నం అది చూడగానే నా కళ్లు వాటంతట అవే సగం మూసుకున్నాయి.

మూడోరోజు వదిన నీళ్లకు పోయినప్పుడు అన్న అడిగాడు.

"ఇప్పుడు బొమ్మలేస్తలేవా?"

"బళ్లె నేర్పుతున్న గద."

"గది కాదు. అప్పట్ల ఏసినట్టు."

 వాడు పైకప్పు వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

"శిబిరంల అందరికీ చూపెట్టిన. మా చెల్లె ఏసింది చూడున్రి, మూటలు చేత్తోని పట్టుకోవచ్చన్నట్టున్నయి అని. గొప్పకు పోయిన. చేతులు మారింది. ఒకడు అడిగిండు, గీ నీడెవరిదిరా అని. నేనప్పటి దాంక చూడలే. నాకప్పుడే సమజైంది."

"నువ్వేమన్నవ్?"

"మా నాయినది అన్న."

"నాయినకు కండ్లద్దాలు లేవు."

"ఆ. వాళ్లకు గూడ తెలుసు."

"అయితే ఇంటికొచ్చి చెప్పకపోతివి. మర్నాడు పగటిదాంక టైముండె."

 బయట ఎవరో బకెట్లో నీళ్లు పోస్తున్న చప్పుడు.

"వద్దామనుకున్న. చెప్పులేసుకున్న గూడ" అన్నాడు చివరికి. "పోతే నేను వాళ్లలోన్ని కానని అనుకుంటరని కూసున్న. అట్లనే కూసున్న చెల్లె. తెల్లారె."

వాడు గొప్పకు పోయి చూపించాడన్న మాట నాకు కొత్త. కూర్చుండిపోయాడన్నది కూడా కొత్త. మొదటిది విని ఇన్నేళ్ల కోపం కదిలింది. రెండోది విని అది ఇంకోచోట కూర్చుంది. వాడి కాలి కింద దిండు సర్దాను.

మర్నాడు వదిన పిల్లల నోటుపుస్తకంలోంచి తెల్లకాగితం అడిగి తీసుకున్నాను. పొయ్యిలోంచి బొగ్గుముక్క ఏరుకున్నాను. పెరటి గడప మీద కూర్చుని ఆ గదిని గీశాను. ఈసారి మనిషిని బయటపెట్టలేదు. పట్టీ తెల్లగా వదిలేశాను, దుప్పటి రెండో మెట్టు. వాడి ముఖం చీకట్లో పడింది, దాన్ని ఎంత నల్లగా ఉంచాలన్నది తేల్చుకోవడానికే రెండు రోజులు పట్టింది. ఎక్కువ వెలుగిస్తే అబద్ధం. ఇంకాస్త నల్లబరిస్తే పగ. అన్న కదలకుండా పడుకున్నాడు. కదలలేడు కూడా.

"సార్ పత్తా దొరుకుతదేమో. ఒక ఉత్తరం రాయరాదు?" అన్నాడు నేను బయల్దేరే ముందు. "నేను రాస్తే చదువడు. నువ్వు రాయి."

తిరుగుదారిలో పరకాల ఇవతల బస్సు ఆపి పోలీసులు సంచులు వెతికారు. నా సంచిలో చుట్టిపెట్టిన కాగితం తీసి విప్పాడు ఒకాయన. ఎవరి ఇల్లు, ఎవరీ మనిషి, కాలికి దెబ్బ ఎలా తగిలింది, కిటికీలు ఎందుకు మూసి ఉన్నాయి అని ఒక్కొక్కటే అడిగాడు. బస్సంతా నావైపు చూస్తోంది. మా అన్న అనీ, కరెంటు స్తంభం మీదినుంచి పడ్డాడనీ చెప్పాను.  ఆయన బొమ్మను వెలుతురుకి పట్టి ఇంకోసారి చూసి, "ముఖం సరిగ్గా తెలుస్తలేదు" అని తిరిగిచ్చాడు. ఆ బొమ్మను ఇంటికొచ్చాక ఎవరికీ చూపించలేదు.

సార్ ఊరి పేరు నాకు గుర్తుంది. ఆయనకు కొడుకు పుట్టాడని వాళ్ల నాన్న సొంతూరి నుంచి రాసిన కార్డు మీద చూశాను. ఆ ఊరి బడి హెడ్మాస్టరు పేరుమీద రాసి, లోపల సార్‌కు ఉత్తరం పెట్టాను. నాలుగుసార్లు చింపి అయిదోసారి రాసింది పంపాను. బొమ్మ నేనే వేశానని, నీడను నీడని గుర్తుపట్టలేదని, నాయిన పోయిన సంగతి, అన్న సంగతి, క్షమించమని.

రెండు నెలలకు జవాబొచ్చింది. గుండ్రటి దస్తూరి. తాను ఇప్పుడు చిత్రలేఖనం చెప్పడం లేదనీ, జనగామ వదిలాక లెక్కల పరీక్షలు రాసి ఆ సబ్జెక్టుకు మారాననీ రాశారు. మా నాయిన పోయారని తెలిసి బాధపడ్డారు. మా అన్నగారి కాలు త్వరగా నయం కావాలని కోరారు. చివరి రెండు వాక్యాలు ఇవి: "ఆ రోజుల సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు, చెప్పలేదు. దయచేసి దాన్ని గురించి మళ్లీ రాయవద్దు."

క్షమించానని ఎక్కడా లేదు. క్షమించలేదనీ లేదు. మా ఆయన ఆ ఉత్తరం చదివి, మర్యాదస్థుడు అన్నాడు. నేను మళ్లీ రాయలేదు.

ఆ వేసవిలో అన్న కర్ర సాయంతో మానుకోట వచ్చాడు. స్టేషన్ మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. రిక్షా ఎక్కాక, నేను ఇంకా సర్దుకుని కూర్చోకముందే అడిగాడు.

"జవాబొచ్చిందా?"

"వచ్చింది."

"ఏం రాసిండు?"

"నీ కాలెట్లుందని అడిగిండు. జల్ది బాగుకావాలన్నడు."

అన్న కర్రను మోకాళ్ల మధ్య పెట్టుకుని దాని తలమీద రెండు చేతులూ వేశాడు. వీధిలో ఎండ మండిపోతోంది.

"ఇంక బొమ్మలు నేర్పుతున్నడా?"

"ఆ, నేర్పుతున్నడట" అన్నాను.

"మంచిది" అన్నాడు అన్న.